టమాటా వడలు తెగులుకు ఫేజ్ వైద్యం: పొలం నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి పొలానికి

నిన్న సాయంత్రం దాకా నిటారుగా ఉన్న టమాటా మొక్క ఇవాళ మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. ఆకు పండదు, మచ్చ పడదు, పచ్చగా ఉండగానే వాడిపోతుంది. రాత్రి చల్లబడ్డాక కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకో తడి ఇస్తాం. మూడు నాలుగు రోజుల్లో మొక్క పోతుంది. ఇచ్చిన తడి వెంట తెగులు పక్క సాలులోకి పాకుతుంది. పెట్టుబడంతా పెట్టి, కర్రలు పాతి, తాళ్లు కట్టి, పూత మీదున్న తోటలో ఇది మొదలైతే రైతుకి పట్టే టెన్షన్ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

దీన్ని బ్యాక్టీరియా వడలు తెగులు అంటారు. కారణం రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా. అది మట్టిలో ఉంటుంది, వేరుకి తగిలిన గాయం గుండా లోపలికి పోతుంది, నీళ్లు మోసే గొట్టాల్లో చేరి వాటిని జిగురుతో పూడ్చేస్తుంది. షాపుకి వెళ్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇస్తారు, దాంతో పాటు స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం పెడతారు. గొట్టాల లోపల కూర్చున్న బ్యాక్టీరియాకి ఆకు మీద చల్లిన కాపర్ అందదు. ఆ పొట్లంలో ఉండే స్ట్రెప్టోమైసిన్ మనుషుల టీబీకి వాడే మందు. పంటల్లో దాని వాడకాన్ని దశలవారీగా ఆపేయాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2021 చివర్లోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. అంటే దాన్ని నమ్ముకుని ముందుకు పోయే దారి లేదు.

మిగిలిన దారుల్లో నాకు బాగా నమ్మకం కుదిరింది బ్యాక్టీరియోఫేజ్ మీద, పొట్టిగా ఫేజ్. ఇది బ్యాక్టీరియాకి పట్టే వైరస్. తనకి సరిపడిన బ్యాక్టీరియా గోడకి అతుక్కుని, లోపలికి తన జన్యువును పంపి, అక్కడే పదుల్లో వందల్లో పిల్లల్ని చేసి, గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. మనిషికీ పశువుకీ తేనెటీగకీ పట్టదు. వేపమొక్కకి నీళ్లు పోసినంత నిర్భయంగా చేత్తో పట్టుకోవచ్చు. అయితే ఇది సరైన ఫేజ్ అయి ఉండాలి, సరిపడా లెక్కలో ఉండాలి, తెగులు ముదరక ముందే వేరు దగ్గర ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పోసింది నీళ్లతో సమానం. కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటి కోసమే.

కొన్ని పనులు మీరు పొలంలో చేసేవి, కొన్ని ల్యాబులో మాత్రమే చేయాల్సినవి. కృషి విజ్ఞాన కేంద్రంతోనో, వ్యవసాయ కాలేజీలో తెగుళ్ల విభాగంతోనో కలిసి నడవగలిగిన రైతు సంఘాలకి, ఈ పని నేర్చుకుంటున్న విద్యార్థులకి ఇది ఎక్కువ ఉపయోగం.

మొదటి పని: గ్లాసు పరీక్ష

వాడిన ప్రతి మొక్కా బ్యాక్టీరియా వల్లే వాడదు. ఫ్యుజేరియం అనే బూజు కూడా వాడేలా చేస్తుంది, వేరుకుళ్లు చేస్తుంది, నులిపురుగులూ చేస్తాయి. ఫ్యుజేరియం అయితే కింది ఆకులు ముందు పసుపు పడతాయి, చాలాసార్లు మొక్కకి ఒక పక్కే. ఫేజ్ బూజు మీద పని చేయదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

అప్పుడే వాడుతున్న మొక్కని ఎంచుకోండి. పూర్తిగా ఎండిపోయింది పనికిరాదు. వేరుతో సహా పెకిలించి, నేలకి బెత్తెడు ఎత్తులో కాండాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా కోయండి. వేలెడంత ముక్క చాలు. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా ముక్కని అంచు దగ్గర పట్టుకోండి. చెయ్యి కదలకూడదు. గ్లాసు వెనక నల్ల గుడ్డో, ముదురు రంగు అట్టో పెట్టుకుంటే బాగా కనిపిస్తుంది.

ఒకటి రెండు నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నటి తెల్ల దారం నీళ్లలోకి దిగుతుంది. పాలచుక్క నీళ్లలో పడి సాగినట్టు, అగరొత్తి పొగని తలకిందులు చేసినట్టు. ఆ దారమంతా బ్యాక్టీరియానే. మొదటిసారి చూసిన రైతు ఎవరైనా కాసేపు మాట్లాడరు. తన మొక్క లోపల ఏముందో కంటితో చూసిన క్షణం అది.

దారం దిగిందంటే వడలు తెగులే. ఐదు నిమిషాలైనా నీళ్లు తేటగానే ఉంటే, ఇంకో రెండు మొక్కలతో చేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఫేజ్ ఆలోచన పక్కన పెట్టి, వేరే కారణం వెతకాలి. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు పొలంలో పారబోయకండి. వేడినీళ్లో బ్లీచింగో కలిపి, పొలానికి దూరంగా పోయండి. బ్లేడు కూడా కడగండి.

రెండో పని: శాంపిళ్లు తీయడం

ల్యాబుకి రెండు రకాల శాంపిళ్లు కావాలి. ఒకటి శత్రువుది, రెండోది దాన్ని తినేదానిది.

శత్రువు కోసం తోటలో వేర్వేరు చోట్ల నుంచి అప్పుడే వాడుతున్న పది పదిహేను మొక్కల కాండాలు తీసుకోండి. ఒకే మూల నుంచి తీయొద్దు. చూడ్డానికి ఒకటే తెగులు అయినా, ఒకే ఎకరంలో రెండు మూడు రకాల రాల్‌స్టోనియా ఉండొచ్చు. ఫేజ్‌లు ఈ తేడాలు పట్టించుకుంటాయి. ఒక రకాన్ని చంపేది పక్క రకాన్ని ముట్టుకోకపోవచ్చు. కాగితం సంచిలో పెట్టి, పేరు, చోటు, తేదీ రాసి, ఎండ తగలకుండా అదే రోజు అందించండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టేస్తే ఉమ్మగిల్లి కుళ్లిపోతుంది, అసలు బ్యాక్టీరియా కన్నా కుళ్లు బ్యాక్టీరియా ఎక్కువైపోతుంది.

ఫేజ్ ఎక్కడ దొరుకుతుంది? బ్యాక్టీరియా ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడే. 1924లో మల్‌మన్, హెమ్‌స్ట్రీట్ అనే ఇద్దరు పరిశోధకులు కుళ్లిన క్యాబేజీ నుంచి వడగట్టిన ద్రవంలోనే ఆ క్యాబేజీని కుళ్లబెట్టిన బ్యాక్టీరియాని ఆపే గుణం చూశారు. పంటల్లో ఫేజ్ కథ అక్కడే మొదలైంది. అంతకన్నా ముందు 1896లోనే హాన్‌కిన్ అనే శాస్త్రవేత్త గంగ, యమునల నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని రాశాడు. అదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1917లో డెరెల్ అనే శాస్త్రవేత్త దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాక గానీ లెక్క తేలలేదు.

అందుకని చచ్చిన మొక్క వేరు చుట్టూ ఉన్న మట్టి తీయండి. తోటలోంచి మురుగు పారే కాలువలో నీళ్లు తీయండి. ఇంకొకటి, చుట్టూ మొక్కలన్నీ పోయి మధ్యలో ఒక్కటి పచ్చగా నిలబడి ఉంటుంది చూడండి, దాని వేళ్ల దగ్గరి మట్టి తప్పకుండా తీయండి. దాన్ని కాపాడింది ఫేజే అని చెప్పలేం గానీ, వెతకడానికి అది మంచి చోటు. ఒక్కో చోటా గుప్పెడు మట్టి, అర లీటరు నీళ్లు చాలు.

మూడో పని: బ్యాక్టీరియాని విడదీయడం (ల్యాబులో)

ల్యాబులో పనిచేసేవాళ్లకి ఇది తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. కాండం ముక్కల నుంచి దిగిన తెల్ల ద్రవాన్ని కెల్మన్ టీజెడ్‌సీ మీడియం (ఈ బ్యాక్టీరియాని పెంచి గుర్తుపట్టడానికి ప్లేటులో పోసే జెల్లీ లాంటి ఆహారం) మీద గీసి, 28 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచాలి. తెగులు కలిగించే రాల్‌స్టోనియా కాలనీలు తెల్లగా, వంకరటింకరగా, జారుగా ఉండి నడుమ గులాబీ రంగు చుక్క ఉంటుంది. గుండ్రంగా, చిన్నగా, ముదురు ఎరుపులో ఉన్నవి బలం పోయినవి. వాటి మీద ఫేజ్ వెతికితే పొలంలో మోసపోతాం. మాటిమాటికీ కొత్త ప్లేటుకి మార్చినా బలం పోతుంది. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి గది వేడిలో దాచుకుంటే చాలాకాలం నిలుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

మన దగ్గర కనిపించే చాలా రాల్‌స్టోనియా రకాలని 2014 నుంచి రాల్‌స్టోనియా సూడోసొలనేసియారం అనే కొత్త పేరుతో పిలుస్తున్నారు. పాత పేపర్లలో సొలనేసియారం అని ఉంటుంది. రెండూ చూసి కంగారు పడకండి.

నాలుగో పని: ఫేజ్ కోసం వల వేయడం

పది గ్రాముల మట్టిని వంద మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లలో కలిపి ఊపి, తేరనిచ్చి, పైనున్న తేటని తీసుకుంటాం. దానికి సమానంగా రెట్టింపు చిక్కదనం ఉన్న బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే ద్రవ ఆహారం) పోసి, చురుగ్గా పెరుగుతున్న మన బ్యాక్టీరియాని వేసి, 28 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఊపుతూ ఉంచుతాం. లోపల ఒక్క ఫేజ్ ఉన్నా తిండి దొరికి కోట్లలో పెరుగుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవాన్ని 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపాలి. బ్యాక్టీరియా ఆగిపోతుంది, ఫేజ్ దాటుతుంది.

ఆ వడగట్టిన ద్రవంలో ఫేజ్ ఉందో లేదో కంటికి తెలియదు, మామూలు మైక్రోస్కోపుకీ తెలియదు. రెండు పొరల అగార్ పద్ధతిలోనే తెలుస్తుంది. అగార్ అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ. గట్టి అగార్ ప్లేటు మీద, గోరువెచ్చటి మెత్తని అగార్‌లో బ్యాక్టీరియానీ ఈ ద్రవాన్నీ కలిపి పలచగా పోస్తాం. మర్నాటికి బ్యాక్టీరియా ప్లేటంతా పొగమంచు పట్టిన అద్దంలా పరుచుకుంటుంది. ఫేజ్ ఉన్న చోట ఆ మంచులో గుండ్రటి తేట కన్నాలు పడతాయి. చలికాలం పొద్దున బస్సు అద్దం మీద వేలి కొసతో చుక్కలు పెట్టినట్టు. వీటినే ప్లాక్‌లు అంటారు. ఒక్కో కన్నం ఒక్కో ఫేజ్ మొదలుపెట్టిన పని.

ఇక్కడ తొందరపడొద్దు. కన్నం పడింది కదా అని అన్నీ తీసుకోకూడదు. అంచు స్పష్టంగా, లోపల పూర్తి తేటగా ఉన్న ప్లాక్‌లే తీసుకోండి. మసగ్గా ఉన్నవాటిని వదిలేయండి. మసక ప్లాక్ వేసే ఫేజ్‌లలో కొన్ని బ్యాక్టీరియాని చంపకుండా దాని జన్యువులో కలిసిపోయి కూర్చుంటాయి. రాల్‌స్టోనియాలో ఇంకో ప్రమాదం ఉంది. దారం ఆకారంలో ఉండే కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాని చంపకుండా అందులోనే బతుకుతాయి. జపాన్‌లో ఆర్‌ఎస్‌ఎస్1 అనే అలాంటి ఫేజ్ సోకిన రాల్‌స్టోనియా టమాటాని మునుపటికన్నా గట్టిగా దెబ్బతీసింది. మందు అనుకుని అలాంటిది పొలంలో పోస్తే మనమే తెగులుకి బలం ఇచ్చినట్టు.

తేట ప్లాక్‌ని సన్నటి కొసతో తీసి, మళ్లీ ప్లేటు వేసి, మళ్లీ ఒక్క ప్లాక్ తీసి, ఇలా కనీసం మూడుసార్లు శుద్ధి చేయండి. జన్యువు చదివించే వీలుంటే చదివించండి. కలిసిపోయే గుణమిచ్చే జన్యువులు, విషాలు తయారుచేసే జన్యువులు లేవని తేలితేనే ఆ ఫేజ్ పొలానికి అర్హమైనది. ఈ మెట్టు దగ్గర ఎవరైనా టైమ్ లేదు, వదిలేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఐదో పని: లెక్క కట్టడం

ఫేజ్ ద్రావణం బలం లీటర్లలో ఉండదు, మిల్లీలీటరుకి ఎన్ని బతికున్న ఫేజ్‌లు ఉన్నాయన్న అంకెలో ఉంటుంది. దీన్నే పీఎఫ్‌యూ అంటారు. కట్టడం కష్టమేమీ కాదు.

ద్రావణాన్ని పదింతలు పలుచన చేస్తూ పోండి. ఆరుసార్లు చేస్తే పది లక్షల వంతు పలుచన అవుతుంది. అందులోంచి 0.1 మి.లీ. ప్లేటు మీద వేశారు, మర్నాడు 85 ప్లాక్‌లు లెక్కకొచ్చాయి అనుకుందాం. 0.1 మి.లీ.కి 85 అంటే ఒక మి.లీ.కి 850. దాన్ని పది లక్షలతో హెచ్చిస్తే 85 కోట్లు. అంటే మీ అసలు ద్రావణంలో మి.లీ.కి 85 కోట్ల ఫేజ్‌లు ఉన్నాయి. ప్లేటు మీద 30 నుంచి 300 మధ్య ప్లాక్‌లు ఉన్నప్పుడే లెక్క నమ్మండి. అంతకన్నా తక్కువైతే పొరపాటుకి ఎక్కువ చోటు, ఎక్కువైతే ఒకదానిలో ఒకటి కలిసిపోయి లెక్కకి అందవు.

పొలంలో మొక్కకి చేరే నీళ్లలో మి.లీ.కి పది కోట్లు ఉండేలా చూసుకోవడం ఫేజ్ ప్రయోగాల్లో ఎక్కువగా వాడే లెక్క. నిల్వ ద్రావణం మి.లీ.కి వెయ్యి కోట్లు ఉంటే లీటరు నీళ్లకి 10 మి.లీ. కలపాలి, 16 లీటర్ల ట్యాంకుకి 160 మి.లీ. అదే నిల్వ ద్రావణం వంద కోట్లకి పడిపోయి ఉంటే పదిరెట్లు పోయాలి. అందుకే వాడే వారంలో లెక్క మళ్లీ చూడాలి. నెల కిందటి అంకెతో పొలానికి పోవద్దు.

ఆరో పని: ఒక్కటి చాలదు

ఒకే ఫేజ్‌ని పోస్తే, కోట్ల బ్యాక్టీరియాలో దానికి లొంగని కొన్ని మిగులుతాయి. అవి పెరిగి మళ్లీ తోట నిండుతాయి. అందుకని మీ పొలాల నుంచి తీసిన బ్యాక్టీరియా రకాలన్నిటి మీదా ప్రతి ఫేజ్‌నీ చుక్క వేసి చూడాలి. అడ్డంగా ఫేజ్‌లు, నిలువుగా బ్యాక్టీరియాలు రాసి, చంపిన గడిలో టిక్ పెట్టండి. ఆ పట్టిక ముందు పెట్టుకుంటే ఏ మూడు నాలుగు కలిపితే ఎక్కువ గళ్లు నిండుతాయో తెలిసిపోతుంది. వీలైతే బ్యాక్టీరియా గోడ మీద వేర్వేరు చోట్ల అతుక్కునేవి ఎంచుకోండి. అన్నీ ఒకే తలుపు తట్టేవైతే, ఆ ఒక్క తలుపు మూసుకుంటే చాలు బ్యాక్టీరియా తప్పించుకుంటుంది.

చైనాలోని నాన్‌జింగ్‌లో పరిశోధకులు టమాటా వడలు తెగులు మీద ఫేజ్‌లని విడివిడిగానూ కలిపీ వాడి 2019లో ఫలితాలు ప్రచురించారు. కలిపి వాడినప్పుడు తెగులు 80 శాతం దాకా తగ్గింది. నాకు అందులో ఇంకా నచ్చిన విషయం, ఫేజ్‌లకి లొంగకుండా మిగిలిన బ్యాక్టీరియా మునుపటిలా పెరగలేకపోయింది. ప్రాణం కాపాడుకోవడానికి బలం వదులుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఏడో పని: పెంచడం, వడగట్టడం, దాచడం

చాలామంది నన్ను అడిగేది ఇదే: ఇంటి దగ్గర డ్రమ్ములో మేమే తయారు చేసుకోవచ్చా? జీవామృతం చేసుకున్నట్టు చేసుకోవచ్చు కదా?

దయచేసి చేయకండి. ఫేజ్ పెరగాలంటే దానికి బ్యాక్టీరియా తిండి కావాలి. అంటే డ్రమ్ము నిండా వడలు తెగులు బ్యాక్టీరియాని పెంచుతున్నట్టు లెక్క. వడగట్టడం సరిగా కుదరకపోతే ఆ డ్రమ్మే తోటకి ఉరి. అలాగే జబ్బుపడ్డ మొక్కల్ని దంచి, రసం తీసి, వడగట్టి పోయడం లాంటి చిట్కాలు కూడా వద్దు. అందులో ఫేజ్ కన్నా తెగులే ఎక్కువ ఉంటుంది.

ల్యాబులో అయితే వీలైనంతవరకు తెగులు కలిగించే బలం పోయిన బ్యాక్టీరియా మీదే (వెతకడానికి కాదు, పెంచడానికి మాత్రమే) ఫేజ్‌ని పెంచుతారు, వడగడతారు, ఆ తర్వాత వడగట్టినదాన్ని టీజెడ్‌సీ ప్లేటు మీద పోసి మూడు రోజులు చూస్తారు. ఒక్క కాలనీ వచ్చినా ఆ బ్యాచ్ పారేయాల్సిందే. ఎంత పెద్ద బ్యాచ్ అయినా సరే.

తయారైనది 4 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉండాలి. గోధుమ రంగు సీసా మంచిది. డీప్ ఫ్రీజర్ వద్దు. పొలానికి తెచ్చేటప్పుడు ఐస్ పెట్టిన థర్మకోల్ డబ్బాలో తేవాలి. బండి డిక్కీలో మే నెల ఎండకి తెచ్చిన సీసాలో ఏం మిగిలి ఉంటుందో నేను ప్లేటు మీద చూశాను. ఒక్క కన్నం పడలేదు.

కొని వాడేవాళ్లకి

ఒకసారి మదనపల్లె వైపు నుంచి ఒక రైతు సీసా పట్టుకొచ్చాడు. "మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి సార్. ఫేజ్ మందు అంటే ఇదేనంట, టమాటాకి కొట్టొచ్చా?" అని అడిగాడు. లేబుల్ చూస్తే విబ్రియో ఫేజ్. చెరువులో రొయ్యని చంపే విబ్రియో బ్యాక్టీరియాకి అది సరే, టమాటా వేరులో ఉన్న రాల్‌స్టోనియా దానికి కనిపించనే కనిపించదు. తాళం చెవి ఇనుపదే, కానీ ఈ తాళానిది కాదు. ఆయన ఆశ చూసి నాకు మనసు బాధపడింది, కానీ ఆ సీసా వెనక్కి ఇచ్చి గ్లాసు పరీక్ష చేసి చూపించి పంపాను.

అమ్మేవాళ్లని నాలుగు అడగండి. ఏ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది? మి.లీ.కి ఎన్ని పీఎఫ్‌యూ, ఏ తేదీన చూసిన లెక్క? ఎంత చల్లదనంలో దాచారు? కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? పంట తెగులుకి మందు అని అమ్మే ఏ సూక్ష్మజీవి సీసాకైనా ఆ నంబర్ ఉండాలి. సమాధానం లేకపోతే కొనొద్దు. అమెరికాలో టమాటా, మిరప మచ్చ తెగుళ్ల మీద ఆగ్రిఫేజ్ అనే మందుకి 2005లోనే అక్కడి పర్యావరణ సంస్థ అనుమతి ఇచ్చింది. అక్కడ కూడా పొలంలోని బ్యాక్టీరియా మారితే సీసాలోని ఫేజ్‌లని మార్చుకుంటూ పోతారు. ఎక్కడో తయారైన సీసా మీ పొలం మీద పనిచేస్తుందా అన్నది మీ శాంపిల్ మీద చుక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. ఒక్క రోజు పని.

ఎనిమిదో పని: పొలంలో ఇవ్వడం

1935లో అమెరికాలో థామస్ అనే ఆయన తెగులున్న మొక్కజొన్న విత్తనాలకి నాటక ముందే ఫేజ్ పట్టించాడు. తెగులు 18 శాతం నుంచి 1.4 శాతానికి పడిపోయింది. జపాన్‌లో ఆర్‌ఎస్‌ఎల్1 అనే ఫేజ్‌ని టమాటాకి ముందుగా ఇచ్చి తర్వాత రాల్‌స్టోనియా ఎక్కిస్తే, ఫేజ్ ఇవ్వని మొక్కలన్నీ 18 రోజుల్లో వాడిపోయాయి, ఇచ్చినవి వాడలేదు. రెండిట్లోనూ ఫేజ్ ముందు వచ్చింది, తెగులు తర్వాత వచ్చింది. పొలంలో కూడా ఆ వరస తప్పకూడదు. తల వాల్చేసిన మొక్కని ఫేజ్ లేపదు. దాని గొట్టాలు అప్పటికే పూడిపోయాయి.

కాబట్టి నర్సరీ ట్రేల దగ్గర మొదలుపెట్టండి. నాటడానికి ముందు రోజు సాయంత్రం ట్రేలని ఫేజ్ నీళ్లలో, వేళ్ల మట్టి బాగా తడిసేలా ముంచి తీయండి. నాటిన రోజే మొదలు దగ్గర మొక్కకి 50 మి.లీ. పోయండి. ఎకరాకి 8 వేల మొక్కలు అనుకుంటే 400 లీటర్ల నీళ్లు, వెయ్యి కోట్ల బలం ఉన్న నిల్వ ద్రావణం 4 లీటర్లు. తర్వాత పది పన్నెండు రోజులకి ఒకసారి, పూత దశ దాటేదాకా మళ్లీ ఇవ్వండి. తెగులు వచ్చిన చరిత్ర ఉన్న పొలమైతే ఎడం తగ్గించండి. బ్యాక్టీరియా లేని మట్టిలో ఫేజ్ తిండి లేక రోజురోజుకీ తగ్గిపోతుంది, బంకమట్టి కూడా కొంత పట్టి ఉంచేస్తుంది.

నీళ్ల సంగతి చూసుకోండి. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది ఫేజ్‌ని చంపేస్తుంది. తప్పనిసరైతే ఒక రోజంతా తెరిచిన డ్రమ్ములో ఉంచి వాడండి. డ్రిప్ ద్వారా ఇస్తే, పైపుల్ని ఆసిడ్‌తోనో క్లోరిన్‌తోనో కడిగిన వెంటనే ఇవ్వొద్దు, రెండు మూడు తడులు పోయాక ఇవ్వండి. కాపర్ మందులు కలిపిన ట్యాంకులో ఫేజ్ పోయొద్దు. ఆ ట్యాంకునే వాడాల్సి వస్తే రెండు మూడుసార్లు కడిగి వాడండి. కాపర్ పిచికారీకీ ఫేజ్‌కీ మధ్య కొన్ని రోజుల ఎడం పెట్టండి.

మీ బాధ వడలు తెగులు కాకుండా బ్యాక్టీరియా ఆకుమచ్చ అయితే, అది క్సాంథోమొనాస్ పని. దానికి వేరే ఫేజ్‌లు కావాలి, ఇచ్చే తీరు కూడా వేరు. ఆకు మీద ఫేజ్‌కి పెద్ద శత్రువు ఎండ. మధ్యాహ్నం కొడితే సాయంత్రానికి దాదాపు ఏమీ మిగలదు. ఫ్లోరిడాలో టమాటా మీద చేసిన ప్రయోగాల్లో వెన్న తీసిన పాలపొడి, పంచదార కలిపితే ఫేజ్ ఆకు మీద ఎక్కువసేపు నిలిచింది. పది లీటర్లకి పాలపొడి 75 గ్రాములు, పంచదార 50 గ్రాములు. ముందు పాలపొడిని కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గుడ్డలో వడగట్టి ట్యాంకులో పోయండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. పొద్దు వాలాక, ఐదున్నర ఆరు తర్వాత కొట్టండి. రాత్రంతా ఆకు చెమ్మగా ఉంటుంది, బ్యాక్టీరియా కదిలేదీ అప్పుడే, ఫేజ్‌కి పని దొరికేదీ అప్పుడే. వారానికి రెండుసార్లు కొట్టాలి. ఖర్చు, కూలీ రెండూ ఎక్కువే, దాచిపెట్టి చెప్పడంలో అర్థం లేదు.

తొమ్మిదో పని: ఫేజ్‌కి తోడు నిలవడం

నులిపురుగులు వేరుకి కన్నాలు పెడుతుంటే ఎన్ని ఫేజ్‌లు పోసినా రాల్‌స్టోనియాకి దారి తెరిచినట్టే. వాటి సంగతి ముందు చూడండి. గుంటకతో మొక్క మొదలుకి మరీ దగ్గరగా పోయి వేళ్లు తెంపకండి. నీళ్లు నిలిచే పల్లం ఉంటే ఎత్తు బోదెలు తీయండి. సాలు వెంట పారే తడి కన్నా డ్రిప్ వంద రెట్లు మేలు, తెగులు నీళ్లతోనే నడుస్తుంది కాబట్టి. టమాటా తర్వాత వంగ, మిరప, బంగాళాదుంప వేయకుండా వరో మొక్కజొన్నో వేయండి. బెంగళూరు హార్టికల్చర్ సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి, ఈ తెగులుని తట్టుకునే రకాన్ని ఎంచుకుంటే ఫేజ్ పని సగం తేలికవుతుంది. వంగ జాతి మొక్క మొదలు మీద అంటుకట్టిన నారు కూడా దొరుకుతోంది, తెగులు బాగా ఉన్న నేలలో ఆ ఖర్చు పెట్టడం తప్పు కాదు.

వాడిన మొక్కని కనపడిన రోజే, వేరు చుట్టూ మట్టితో సహా సంచిలోకి తీసేయండి. లాగి గట్టు మీద పడేయొద్దు. ఆ గుంటలో ఫేజ్ నీళ్లు లీటరు పోసి, దానికి నాలుగు పక్కలా ఉన్న మొక్కలకి కూడా ఆ రోజే పోయండి. ఫేజ్‌కి బాగా తిండి దొరికే చోటు అదే.

పదో పని: నాలుగు సాళ్లు వదిలేయండి

రైతులకి ఇది చెప్పినప్పుడు మొహం చిన్నబోతుంది, అయినా చెప్తాను. తోటలో నాలుగు సాళ్లకి ఫేజ్ పోయకండి. మామూలు నీళ్లే పోయండి, మిగతా సేద్యమంతా ఒకేలా చేయండి. అవి ఒక అంచున కాకుండా తోట మధ్యలో వేర్వేరు చోట్ల ఉండాలి. వారానికోసారి నోటు పుస్తకం పట్టుకుని ఫేజ్ పోసిన నాలుగు సాళ్లలో ఎన్ని వాడాయి, పోయని నాలుగింట్లో ఎన్ని వాడాయి లెక్కపెట్టి తేదీతో రాయండి. ఆ లెక్క లేకపోతే, తెగులు తగ్గితే ఫేజ్ వల్లా వాన తగ్గడం వల్లా అని మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. వచ్చే ఏడు మళ్లీ డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ పుస్తకమే చెప్పాలి.

ఫేజ్ పోసిన సాళ్లలో మొదటి నెలలో బాగుండి, తర్వాత ఉన్నట్టుండి మొక్కలు వాడడం మొదలైతే, ఇంకో రెండు డోసులు ఎక్కువ పోసి చూద్దాం అనుకోవద్దు. అప్పుడే వాడుతున్న నాలుగు మొక్కల కాండాలు కోసి, తేదీ రాసి, అదే రోజు మళ్లీ ల్యాబుకి పంపండి. పాత ఫేజ్‌లన్నీ ఆ కొత్త కాలనీల మీద చుక్క వేసి చూస్తారు. ఏ చుక్క కింద మంచు తొలగకపోతే ఆ ఫేజ్‌ని మిశ్రమంలోంచి తీసేసి, మీ పొలం మట్టిలోంచే ఇంకోదాన్ని వెతకడం మొదలుపెడతారు.